హోల్‌సేల్ అమ్మకాలకు సైట్ పెట్టేముందు

సంపాదకులకు నమస్కారం.

కంపెనీలు కంపెనీలకు అమ్ముకునే వ్యాపారం కూడా ఆన్‌లైన్‌కి రావాలని ఈమధ్య అందరూ అంటున్నారు, రావాలనే నేనూ అంటాను. కానీ చాలామంది దీన్ని మామూలు షాపింగ్ సైట్‌ లాంటిదే అనుకుని దిగిపోతున్నారు, అదే నా బాధ. ఇక్కడ కొనేది ఒక్క మనిషి కాదు. సరుకు ఎంచేది ఒకరు, ఓకే చేసేది ఇంకొకరు, డబ్బు కట్టేది అకౌంట్స్ వాళ్లు, అదీ చాలాసార్లు నెలో రెండు నెలలో ఆగాక. ఒకే వస్తువుకి ఒప్పందాన్ని బట్టి, తీసుకునే పరిమాణాన్ని బట్టి ఒక్కో కస్టమర్‌కి ఒక్కో రేటు. లాగిన్ అవగానే తన రేటు, తన క్రెడిట్ లిమిట్, గోడౌన్‌లో నిజంగా ఉన్న స్టాక్ కనిపించకపోతే అతను మళ్లీ సేల్స్ వాళ్లకే ఫోన్ చేస్తాడు, ఇక ఆ సైట్ ఎందుకు?

ఇలాంటి సైట్లు కట్టడానికి వాడే సాఫ్ట్‌వేర్లలో హైబ్రిస్‌ని 2013లో ఎస్‌ఏపీ కొంది, మజెంటోని 2018లో అడోబీ కొంది, రెండూ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలే. వెనక పెద్ద పేర్లున్నాయి కదా అని పని దానంతట అది అయిపోదు. అసలు కష్టం సైట్‌ని ఈఆర్‌పీతో, అంటే కంపెనీ స్టాకూ లెక్కలూ ఆర్డర్లూ నడిపే సాఫ్ట్‌వేర్‌తో, కలపడంలో ఉంది, అంతకన్నా ముందు ఐటమ్ లిస్టు శుభ్రం చేసుకోవడంలో ఉంది, ఎందుకంటే ఒకే బోల్టు మూడు కోడ్‌లతో ఎక్కి ఉంటే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా మూడు బోల్టులనే చూపిస్తుంది. లైసెన్స్ ఖర్చు కొటేషన్‌లో కనిపిస్తుంది, ఈ చాకిరీ కనిపించదు.

సేల్స్ వాళ్లకి కమిషన్ పోతుందన్న టెన్షన్ కూడా ఉంటుంది. ఆన్‌లైన్ ఆర్డర్‌కీ కమిషన్ ఉందని ముందే రాసివ్వాలి.

మీ వాణిజ్య పేజీలో ఇలాంటి ప్లాట్‌ఫాం పెట్టుకున్న కంపెనీల గురించి రాసినప్పుడు యజమానుల మాటలే కాకుండా, రోజూ ఆర్డర్లు చూసే ఉద్యోగులు ఏమంటున్నారో కూడా అడిగి రాయండి.

- ఒక పాఠకుడు