మామా, చెల్లి లాప్‌టాప్ గురించి అడిగావు కదా

ఒరేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ మొన్న రాత్రి బస్సులో విన్నాను. ఏడు నిమిషాలు! అందులో ఆరు నిమిషాలు కౌన్సెలింగ్ గోల, చివరి నిమిషంలో అసలు సంగతి. చెల్లికి సీఎస్ఈ వచ్చేలా ఉంది, లాప్‌టాప్ కొనాలి, నాలుగేళ్లూ అదే రావాలి, తొంభై వేలకి గేమింగ్ లాప్‌టాప్ ఒకటి చూశాను, తీసుకోమంటావా అని. ఫోన్‌లో చెప్తే మధ్యలోనే "సరే సరేలే" అంటావు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు. టీ మాత్రం లాప్‌టాప్‌కి దూరంగా పెట్టు, నీ చరిత్ర నీకు తెలుసు.

సూటిగా చెప్పాలంటే, అది కొనకు. తొంభై వేలు పెట్టినంత మాత్రాన యాభై వేలదానికి రెండింతల కాలం రాదు. స్టూడెంట్ చేతిలో లాప్‌టాప్ నాలుగేళ్లు రావాలి, కొంచెం చూసుకుంటే ఐదారేళ్లు వస్తుంది. నాది ఎనిమిదేళ్లు వచ్చింది. కానీ ఎలా వచ్చిందో నువ్వు సగమే చూశావు.

2017 ఆగస్టు గుర్తుందా? నాన్న చీటీ ఎత్తి, సూర్యాపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి, నన్ను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీకి తీసుకెళ్లాడు. నాలుగు షాపులు తిరిగి 29 వేలకి బేరం తెగ్గొట్టాడు. ఇంటెల్ ఐ3 ఆరో తరం చిప్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. మౌసూ బ్యాగూ ఊరికే ఇప్పించుకున్నాడు, ఇంకా ఏదో మిగిలిపోయిందన్నట్టు షాపంతా ఒకసారి చూసి గాని బయటికి రాలేదు. ఆరో తరం అంటే 2015 నాటి డిజైన్ అని మా ఇద్దరికీ తెలీదు. పైగా సరిగ్గా ఆ నెలలోనే ఇంటెల్ లాప్‌టాప్‌ల కోసం ఎనిమిదో తరం చిప్‌లు విడుదల చేసింది. ఆ బేరం అంత చవగ్గా ఎందుకు తెగిందో ఇప్పుడు అర్థమవుతోంది. దీని సంగతి మళ్లీ చెప్తా.

లాప్‌టాప్ ఒక్కసారిగా పోదురా. పెంకుటిల్లు లాగా, ఒక్కో పెంకూ జారుతుంది. (నీది ఒక్కసారే పోయింది, ఒప్పుకుంటా. థర్డ్ సెమ్‌లో టీ ఒలికితే హెయిర్ డ్రయ్యర్‌తో పైపైన ఆరబెట్టి ఆ రాత్రే ఆన్ చేశావు. టీ చంపలేదు దాన్ని, నువ్వు ఆన్ చేయడం చంపింది. వెంటనే ఆపేసి, చార్జర్ పీకేసి, బోర్లా పెట్టి, మర్నాడు షాపుకి తీసుకెళ్తే బతికేదేమో.)

నాదాంట్లో మొదట జారిన పెంకు హార్డ్ డిస్క్. సెకండియర్‌కే, ఆన్ బటన్ నొక్కి బకెట్ పట్టుకుని బాత్రూమ్ క్యూలో నిలబడి, స్నానం చేసొచ్చినా ఇంకా చుక్కలు తిరుగుతూనే ఉండేవి. అందరూ కొత్తది కొనుక్కోమన్నారు. నేను 240 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి వేయించా, అంటే హార్డ్ డిస్క్ చేసే పనే చాలా వేగంగా చేసేది. పాత హార్డ్ డిస్క్‌ని డీవీడీ డ్రైవ్ తీసేసిన చోట క్యాడీ అనే చిన్న ట్రేలో పెట్టించా, ఇంకో 4 జీబీ ర్యామ్ కలిపా. మొత్తం నాలుగు వేల చిల్లర అయింది. ఇరవై సెకన్లలో డెస్క్‌టాప్ వచ్చేసరికి నువ్వు "ఇదేంట్రా, వేరే లాప్‌టాపా" అన్నావు. ఆ నాలుగు వేలే నాకు ఇంకో ఆరేళ్లు తెచ్చిపెట్టాయి. అది కుదిరిందెందుకంటే, కింద మూత విప్పితే ర్యామ్‌కి ఖాళీ స్లాట్ ఉంది కాబట్టి. ఇప్పుడొచ్చే సన్నటివాటిలో చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే టంకం వేసేస్తున్నారు. కొన్నప్పుడు ఎంత ఉంటే చచ్చేదాకా అంతే.

తర్వాతది హింజ్, అదే మూత తిరిగే కీలు. ఎప్పుడూ కుడి మూల పట్టుకుని ఒంటిచేత్తో మూత లేపే అలవాటు నాకు. లోపల హింజ్‌ని పట్టి ఉంచేవి ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లు, శనగగింజంత కూడా ఉండవు. హింజ్ రోజురోజుకీ బిగుసుకుపోతుంటే బలమంతా వాటి మీదే పడుతుంది. ఒకరోజు ల్యాబ్ రికార్డు టైపు చేద్దామని తెరిస్తే టప్‌మంది. స్క్రీన్ మూల నోరు తెరిచింది, రెండు నట్లు ప్లాస్టిక్ ముక్కలతో సహా ఊడి టేబుల్ మీద దొర్లాయి. సర్వీస్ సెంటర్‌లో బాడీ మొత్తం మార్చాలి, ఐదు వేలు అన్నారు. నువ్వెళ్లి హార్డ్‌వేర్ షాపులో ఎంసీల్ తెచ్చావు, ఇద్దరం రొట్టెపిండిలా పిసికి నట్లని అందులో కూర్చోబెట్టి, రాత్రంతా మూత మీద ఇంజనీరింగ్ మ్యాథ్స్ పుస్తకం బరువు పెట్టాం. ఆ పుస్తకం వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే. అందుకే చెల్లికి మొదటిరోజే చెప్పు: మూత మధ్యలో పట్టుకుని తెరవాలి, తెరిచినప్పుడు కిర్రుమని బిగుతుగా అనిపిస్తే అప్పుడే షాపులో చూపించాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే ఇంటికొచ్చేశా. క్లాసులన్నీ పరుపు మీదే. కింద గాలి లోపలికి వెళ్లే సందులన్నీ దుప్పటి మూసేసేది. సూర్యాపేట ఎండలు నీకు కొత్తగా చెప్పాలా! ఒక కంపెనీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో అవతలాయన "వెనకాల మిక్సీ ఆపుతారా" అని అడిగాడు. అది మిక్సీ కాదు సార్, నా ఫ్యాన్ అని ఎలా చెప్పను? ఆ ఉద్యోగం రాలేదు, అది వేరే సంగతి. తర్వాత షాపులో విప్పి చూపించారు. ఫ్యాన్‌కీ రాగి గొట్టం చివరున్న రేకులకీ మధ్య, చిరిగిన దిండులోంచి తీసిన దూదిలాంటి పొర, వేలితో లాగితే చాప చుట్టినట్టు మొత్తం ఒకేసారి వచ్చింది. చిప్ వేడిని బయటికి పంపడానికి దాని మీద పూసే థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా పొడి రాలింది. శుభ్రం చేసి కొత్త పేస్ట్ పెట్టడానికి ఆరు వందలు. ఆ ఆరు వందలు ముందే పెట్టి ఉంటే ఆ ఇంటర్వ్యూ ఏమయ్యేదో.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పను. అది అరిగే సరుకు, చెప్పుల్లాగా. మామూలు లాప్‌టాప్ బ్యాటరీ మూడొందల నుంచి ఐదొందల ఫుల్ చార్జ్‌లయ్యేసరికి దాదాపు 80 శాతానికి దిగుతుంది. రోజుకొకటి లెక్కేస్తే ఏడాదిన్నర కూడా పట్టదు. మూడో ఏట మార్చాల్సిందే అనుకుని మూడు నాలుగు వేలు పక్కన పెట్టుకో. హాస్టల్లో ఎప్పుడూ చార్జర్‌లోనే ఉంచేలా ఉంటే సెట్టింగ్స్‌లో 80 దగ్గర ఆగిపోయేలా పెట్టమను, చాలా లాప్‌టాప్‌ల్లో ఆ వీలుంది. ఒకవేళ టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టు పైకి లేచినా, నొక్కితే దిగకపోయినా, బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. ఇక ఒక్క గంట కూడా వాడొద్దు, చార్జింగ్ అసలు పెట్టొద్దు.

ఇన్నిటికీ తట్టుకుని నిలబడ్డ నా లాప్‌టాప్‌ని చివరికి చంపింది ఒక తేదీ. 2025 అక్టోబర్ 14. ఆ రోజుతో విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే ఊరికే వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు, అయిపోయింది. విండోస్ 11 వేసుకుందామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ పైది ఉండాలంటుంది. నాది ఆరు. అంటే ఆ బేరం రోజునే దాని చావు తేదీ కూడా సగం రాసేశారన్నమాట. లాప్‌టాప్ వయసు మనం బిల్లు కట్టిన రోజు నుంచి కాదు, లోపలి చిప్ పుట్టిన రోజు నుంచి లెక్కేసుకోవాలి.

ఇప్పుడు ఆ మోసం ఇంకా ముదిరింది, ఎందుకంటే నంబర్ చూస్తే తెలీదు. ఉదాహరణకి ఏఎండీ వాళ్ల చిప్ మీద రైజెన్ 5 7520యూ అని ఉంటుంది, ఏడు వేల సిరీస్ కదా కొత్తదే అనుకుంటాం. లోపలున్నది జెన్ 2 అనే 2019 నాటి డిజైన్. ఆ వరుసలో మూడో అంకె చూడాలి, 2 ఉంటే జెన్ 2, 4 ఉంటే జెన్ 4. అమ్మేవాడు ఇది చెప్పడు, చాలాసార్లు వాడికీ తెలీదు.

కాబట్టి నా మాట విని యాభై, యాభై ఐదు వేల దగ్గర చూడు. 16 జీబీ ర్యామ్ ఉండాలి, ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే 8 జీబీ ఊపిరాడక కొట్టుకుంటుంది. తర్వాత కొనుక్కుందాంలే అనుకోకు, ఏఐ సర్వర్ల వాళ్లు మెమరీ చిప్‌లన్నీ ఎత్తుకుపోతుంటే 2025 చివర్నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. వీలైతే ఒక్క స్లాట్ అయినా ఖాళీగా ఉన్నది తీసుకో. గేమింగ్‌ది రెండున్నర కిలోలు, దాని చార్జర్ ఇటుకంత. చెల్లి రోజూ కాలేజీ బస్సులో మోయాలి కదా, పైగా అది వేడెక్కితే ఫ్యాన్ ఎలా మొత్తుకుంటుందో నాకు తెలుసు. మిగిలిన డబ్బులో యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ తీసుకో. మామూలు వారంటీలో పడ్డదీ, తడిసిందీ రాదు. మీ వంశంలో టీ గండం ఉంది.

శనివారం ఖాళీయే నాకు, సీటీసీకి వస్తా. నాన్న కూడా వస్తానంటున్నాడు, బేరం నీకు చేతకాదట. నా ఆ పాతదాని మీద విండోస్ బదులు ఊరికే దొరికే లినక్స్ మింట్ వేసిచ్చాను కదా, ఎరువుల కొట్లో లెక్కలు రాసుకుంటున్నాడు, మన ఎంసీల్ ఇంకా చెక్కుచెదరలేదు. చెల్లికి లాప్‌టాప్ అనగానే "కొత్తదెందుకురా దండగ, కావాలంటే ఇదే ఇచ్చేద్దాం, కొంచెం ఆగి ఆన్ అవుతుంది అంతేగా" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. శనివారం నువ్వే చెప్పుకో.

నీ,
పాత రూమ్మేట్