రెండువైపుల మ్యాప్ లోపంపై ఫిర్యాదు

భీమవరం.

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: మీ జావా లైబ్రరీలోని రెండువైపుల మ్యాప్ క్లాసులో లోపం, దానిపై మా టికెట్‌ను పరిష్కరించకుండానే మూసేయడం గురించి.

అయ్యా,

మాది భీమవరంలో చిన్న సాఫ్ట్‌వేర్ షాపు. ఆక్వా ల్యాబులకు, ఐస్ ఫ్యాక్టరీలకు, మేత డీలర్లకు ప్రోగ్రాములు రాసిస్తాం. ఏటా లైసెన్సు డబ్బు కట్టి మీ లైబ్రరీ వాడుతున్నాం. అందులోని రెండువైపుల మ్యాప్ (జతలుగా దాచిన డేటాని ఏ వైపు నుంచైనా వెతకనిచ్చే క్లాసు) వల్ల ఆకివీడు దగ్గర ఒక ల్యాబులో రిజల్టు తారుమారై, ఇద్దరు రొయ్యల రైతులు నష్టపోయారు.

ఆ ల్యాబులో పని ఇలా సాగుతుంది. రైతు చెరువులోంచి నాలుగు రొయ్యలు తెస్తే సీసాలో వేసి కోడ్ నంబరు అంటిస్తారు. పీసీఆర్ మెషిన్ దగ్గర కూర్చునేవాళ్లకు చెరువు ఎవరిదో తెలియదు, కోడ్ ఒక్కటే కనిపిస్తుంది. రిజల్టు వచ్చాక కోడ్‌ని బట్టి చెరువును వెతికి రైతుకు మెసేజ్ పంపాలి. కౌంటర్ దగ్గరేమో చెరువు పేరు చెప్తే కోడ్ రావాలి. మామూలు హ్యాష్‌మ్యాప్‌లో కీ (ఇక్కడ చెరువు పేరు) ఇస్తే వాల్యూ (ఇక్కడ కోడ్) వెంటనే దొరుకుతుంది గానీ, వాల్యూ ఇచ్చి కీ కావాలంటే మొత్తం తిరగేయాలి. అందుకే మీ క్లాసు తీసుకున్నాం. ఒక కీకి ఒకే వాల్యూ, ఒక వాల్యూకి ఒకే కీ అని మీ డాక్యుమెంటేషన్ మొదట్లోనే రాసి ఉంది.

సీజన్ రద్దీలో ల్యాబు కుర్రాడు ఒక చెరువుకి 417 అని సరిగ్గానే కొట్టాడు. తర్వాతి చెరువుకి 471 కొట్టబోయి మళ్లీ 417 కొట్టాడు. ఇలాంటి పొరపాటు ఎక్కడైనా జరుగుతుంది, దాన్ని పట్టుకుంటుందనే కదా ఒకటికొకటి మ్యాప్ కొనేది! జతను మ్యాప్‌లో చేర్చే మీ పుట్ మెథడ్ ఏ ఎర్రరూ ఇవ్వలేదు. ముందువైపు మ్యాప్‌లో రెండు చెరువులకీ 417 ఉంచేసింది. వెనకవైపు మాత్రం 417 అంటే రెండో చెరువు అని మార్చి రాసుకుంది. ముందు లెక్క ఒకటి, వెనక లెక్క ఒకటి. చిట్టాకీ ఆవర్జాకీ పొంతన లేకుండా రాసే గుమస్తాని మా ఊళ్లో ఏ రైస్ మిల్లులోనూ ఉంచుకోరు.

417 సీసాలో వైట్ స్పాట్ (రొయ్యలకొచ్చే తెల్లమచ్చ వైరస్ జబ్బు) పాజిటివ్ వచ్చింది. మెసేజ్ రెండో రైతుకి వెళ్లింది. వైట్ స్పాట్ సోకితే 3 నుంచి 10 రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు కాబట్టి, ఆయన కంగారుపడి వనామీ రొయ్యలు ఇంకా 100 కౌంట్ (కిలోకి 100) మీద ఉండగానే అర్జెంటుగా పట్టుబడి చేయించాడు. ఇంకో నెలన్నర ఉంచితే 50 కౌంట్‌కి వచ్చేవి, కిలోకి వచ్చే రేటే వేరు. అసలు జబ్బున్న చెరువు రైతుకి ఏ మెసేజూ రాలేదు. అంతా బాగుందనుకుని మేత వేసుకుంటూ పోయాడు. 471 రిజల్టు ఏ చెరువుకీ చెందకుండా మిగిలిపోయింది. "లేని జబ్బు నా చెరువుకి ఎలా రాశారండీ?" అని రెండో రైతు వచ్చి అడిగితే ల్యాబు వాళ్లు మాకు ఫోన్ చేశారు.

మేం టికెట్ పెడితే మీ టీమ్ ఇచ్చిన జవాబు: "ఇది ఊహించిన ప్రవర్తనే. పుట్ చేసేముందు కంటైన్స్‌వాల్యూతో చూసుకోండి." కంటైన్స్‌వాల్యూ అంటే ఆ వాల్యూ అప్పటికే ఉందో లేదో చెప్పే మెథడ్. మేమే చూసుకోవాలంటే రెండు హ్యాష్‌మ్యాప్‌లు పెట్టుకుని మేమే రాసుకునేవాళ్లం, మీకు డబ్బెందుకు? పైగా సోర్స్ తెరిచి చూస్తే మీ కంటైన్స్‌వాల్యూ వెనకవైపు మ్యాప్‌ని అడగడం లేదు, ముందువైపు ఎంట్రీలన్నీ ఒక్కొక్కటిగా తిరగేస్తోంది. చేతిలో వెనకవైపు మ్యాప్ ఉంచుకుని ఈ పనెందుకో మాకు అర్థం కాలేదు.

పక్కవాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. గూగుల్ వాళ్ల గువావా లైబ్రరీలోని రెండువైపుల మ్యాప్ అయిన బైమ్యాప్‌లో, ఆ వాల్యూ అప్పటికే వేరే కీకి ఉంటే పుట్ ఒప్పుకోదు, ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్‌ఎక్సెప్షన్ అనే ఎర్రర్ విసురుతుంది. పాతది తీసేసి కొత్తది పెట్టాలనుకుంటే ఫోర్స్‌పుట్ అని విడిగా పిలవాలి. అపాచీ కామన్స్ కలెక్షన్స్ అనే ఇంకో లైబ్రరీలోని బైడిమ్యాప్ పాత జతను తీసేస్తుంది, ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లో చెప్తుంది. మాకైతే గువావా పద్ధతే నచ్చుతుంది, అయినా రెండూ న్యాయమే. మీది తిరస్కరించదు, పాతదాన్ని పూర్తిగా తీసేయనూ తీసేయదు.

ఇన్వర్స్ (వెనకవైపు మ్యాప్‌ని ఇచ్చే మెథడ్) సంగతి కూడా చెప్పాలి. గువావాలో అది అదే డేటాకి వెనకవైపు నుంచి చూపు, ఇక్కడ మారిస్తే అక్కడా మారుతుంది. మీరు పిలిచిన క్షణానికి ఒక కాపీ తీసి ఇస్తున్నారు. ఆ మాట డాక్యుమెంటేషన్‌లో ఎక్కడా లేదు.

కాబట్టి టికెట్ మళ్లీ తెరవండి. డూప్లికేట్ వాల్యూ వస్తే పుట్ ఎక్సెప్షన్ ఇచ్చేలా ప్యాచ్ పంపండి. ఈ లోపం గురించి ఈ క్లాసు వాడుతున్న మిగతా కస్టమర్లకూ తెలియజేయండి, వాళ్లలో ఆసుపత్రి ల్యాబులుంటే పరిస్థితి ఏంటో ఆలోచించండి. ఈ ఏడాది లైసెన్సు ఫీజు వెనక్కి ఇవ్వాలి. రైతుల నష్టం గురించి ల్యాబు వాళ్లు విడిగా రాస్తున్నారు.

లోపం కనిపించేలా చిన్న టెస్ట్ ప్రోగ్రాము జతచేశాం. రెండు పుట్‌ల తర్వాత ముందువైపు సైజు 2, వెనకవైపు సైజు 1 అని వస్తుంది. మా రెన్యువల్ ఈ నెలాఖరుకి ఉంది. అప్పటికి ప్యాచ్ రాకపోతే రెన్యువల్ చేయం, అన్ని ల్యాబుల్లోనూ గువావాకి మార్చేస్తాం.

ఇట్లు,
ప్రొప్రైటర్