ప్రేమ పేరిట నిఘా

సంపాదకులకు నమస్కారం.

విద్యార్థుల ప్రేమల్లో వేధింపు చెయ్యి చేసుకోవడంతో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. కానీ అంతకు ఎంతో ముందే ఫోన్ పాస్‌వర్డ్ అడగడం, గంటగంటకూ లొకేషన్ పంపమనడం, స్నేహితులను ఒక్కొక్కరిగా దూరం చేయించడం, విడిపోదామంటే చచ్చిపోతాననో ఫొటోలు బయటపెడతాననో బెదిరించడం కనిపిస్తాయి. వీటిని అతిప్రేమగా భావించి అమ్మాయిలు సర్దుకుపోవడం నన్నెంతో కలవరపెడుతోంది. అబ్బాయిలూ వీటికి గురవుతారు, చెప్పుకోలేకపోతారు.

వద్దన్నా మహిళ వెంటపడటం, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2015 నిబంధనల ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించేందుకు కళాశాలల్లో ఉండాల్సిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లను, 181 మహిళా హెల్ప్‌లైన్‌ను తరగతులు మొదలైన రోజే విద్యార్థులకు తెలియజేయాలి. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారన్న భయంతో ఎందరో నోరు విప్పరు కనుక, అలా జరగదని తల్లిదండ్రులు ముందుగానే పిల్లలకు మాటివ్వాలని కోరుతున్నాను.

– ఒక అధ్యాపకురాలు, వరంగల్