ఒక్క పాయింట్ తేడా

పేరెంట్స్ అందరికీ నమస్తే. నిన్న ఎల్బీ స్టేడియంలో తైక్వాండో పోటీ నుంచి ఇంటికొచ్చేదాకా మా పాప ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదండి, ఒక్క పాయింట్ తో ఓడిపోయింది కదా, చెస్ట్ గార్డ్ ఒళ్లో పెట్టుకుని దాని తాళ్ల ముడి విప్పుతూ మళ్లీ వేస్తూ కూర్చుంది.

రాత్రి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని థాయ్‌లాండ్ అమ్మాయి పానిపక్ వాంగ్‌పట్టనకిట్ గురించి చెప్పా. 49 కేజీల కేటగిరీ, ముద్దుపేరు టెన్నిస్, అన్న పేరేమో బేస్‌బాల్ అంట! 2016 రియో ఒలింపిక్స్ క్వార్టర్స్ లో కొరియా అమ్మాయి కిమ్ సో-హుయి చేతిలో ఆమె కూడా ఒక్క పాయింట్ తోనే ఓడిపోయింది, 6-5. ఆ రోజే మళ్లీ లేచి కాంస్యం కొట్టింది, నాకైతే గోల్డ్ కంటే అదే గొప్ప.

ఐదేళ్లకి టోక్యో ఫైనల్, ఎదురుగా స్పెయిన్ అమ్మాయి సెరెజో, 17 ఏళ్లే. ఇంకా కొన్ని సెకన్లే ఉన్నాయి, పానిపక్ 9-10తో వెనకబడి ఉంది, అప్పుడు కొట్టింది బాడీ కిక్, రెండు పాయింట్లు, 11-10! ఆ వీడియో పాప నాలుగుసార్లు పెట్టించుకుంది, నాలుగోసారి లేచి నిలబడి కాలు ఎత్తి చూసుకుంది. 2024 పారిస్ లో కూడా గోల్డే, తన 27వ పుట్టినరోజుకి ముందురోజు.

ఆడపిల్లని ఇంక మాన్పిద్దాం అని నిన్న గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు అనుకుంటుంటే విన్నా. ప్లీజ్, అప్పుడే వద్దండి. శనివారం క్లాస్ కి అందరినీ పంపండి.