ఇంగ్లిష్ మాటతో పాటు బదులు కూడా అచ్చువేయండి

సంపాదకుల వారికి,

పత్రికల విద్యా పేజీల్లో వచ్చే స్పోకెన్ ఇంగ్లిష్ శీర్షికలను ఉద్యోగ ప్రయత్నంలో ఉన్న కుర్రాళ్లే కాదు, అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వద్దామని బయల్దేరే తల్లిదండ్రులు కూడా కత్తిరించి దాచుకుంటారు. వాటిలో మాకు కనిపించే లోటు ఒకటుంది. పలకరింపులు, కృతజ్ఞతలు, క్షమాపణలు అంటూ ఇరవై మాటలు ఒక వరసలో, వాటి అర్థాలు ఇంకో వరసలో వేస్తారు. ఏ మాట ఎవరితో అనాలో, అవతలివాళ్లు అంటే ఏం బదులివ్వాలో ఉండదు. మర్యాద బెడిసికొట్టేది సరిగ్గా అక్కడే.

తెలుగులో మర్యాదంతా ‘అండి’, ‘గారు’, ‘మీరు’ మోస్తాయి. ‘నీళ్లివ్వండి’ అంటే ఎవరూ నొచ్చుకోరు. దాన్నే ‘గివ్ మి వాటర్’ అంటే ‘అండి’ రాలిపోయి ‘నీళ్లివ్వు’ మిగులుతుంది. చివర ‘ప్లీజ్’ తగిలించినా అది కాస్త మెత్తబడిన ఆజ్ఞే. ఇంగ్లిష్‌లో మర్యాదగా అడగాలంటే ప్రశ్న వేయాలి: ‘కుడ్ ఐ హ్యావ్ సమ్ వాటర్, ప్లీజ్?’ హోటల్లో అయితే ‘ఐ వాంట్ కాఫీ’ బదులు ‘ఐడ్ లైక్ ఎ కాఫీ, ప్లీజ్’ అంటే సరిపోతుంది. అడిగే పని బరువును బట్టి వాక్యం సాగుతుంది. పక్కవాళ్ల పెన్ను కావాలంటే ‘కెన్ ఐ బారో యువర్ పెన్?’ చాలు. రైల్లో కింది బెర్తు వదులుకోమని అడగాలంటే అంత తేలిగ్గా కుదరదు. ‘ఎక్స్‌క్యూజ్ మి, వుడ్ యూ మైండ్ స్వాపింగ్ బర్త్స్ విత్ మై మదర్?’ అని, వెంటనే కారణం కూడా చెప్పాలి: ‘షీ కాంట్ క్లైంబ్ అప్’.

తిరకాసంతా దీని జవాబులో ఉంది. ‘వుడ్ యూ మైండ్’ అంటే మీకేమైనా అభ్యంతరమా అని. ఒప్పుకునేవాళ్లు ‘నో, నాట్ ఎట్ ఆల్’ అనాలి. మనవాళ్లు మంచి మనసుతోనే ‘యస్, యస్’ అంటారు. విన్నవాళ్లకు అది అవును, అభ్యంతరమే అన్నట్టు తోచి తికమకపడతారు. అంత గుర్తు పెట్టుకోలేనివాళ్లు ‘ష్యూర్’ అనేస్తే ఏ గొడవా లేదు.

వద్దనడం ఇంకో చిక్కు. మన ఇళ్లలో మొదటి ‘వద్దు’కు విలువ లేదు. అతిథి మొహమాటపడతాడు, ఇంటావిడ ‘కొంచెం వేసుకోండి’ అంటూ రెండోసారి, మూడోసారి వడ్డిస్తుంది. ఇంగ్లిష్‌వాళ్ల ఇళ్లలోనో అమెరికన్ల ఇళ్లలోనో చాలాచోట్ల ఒక్కసారి ‘నో’ అంటే ఆ మాట నమ్మి గిన్నె పక్కకు జరిపేస్తారు. ఆకలేస్తుంటే మొదటిసారే ‘యస్, ప్లీజ్’ అనడం మేలు. నిజంగానే వద్దనుకుంటే ఉత్త ‘నో’ మొరటుగా ఉంటుంది. ‘నో, థాంక్యూ, ఇట్ వాజ్ లవ్లీ, బట్ ఐయామ్ ఫుల్’ అంటే వండినవాళ్లకూ తృప్తి. థాంక్స్ సంగతీ అంతే. ఇక్కడ కన్నతల్లికి చెబితే పరాయిదాన్ని చేసినట్టుంటుంది, అక్కడ మొగుడూ పెళ్లాలు ఉప్పుడబ్బా అందించుకున్నా చెప్పుకుంటారు.

పరామర్శ దగ్గర పొరపాటు జరిగితే సర్దుకోవడం కష్టం. మన దేశంలో ‘హిజ్ ఫాదర్ ఎక్స్‌పైర్డ్’ అనడం మామూలే, ఎవరూ తప్పుపట్టరు. బయటి దేశాల వాళ్లకు మాత్రం ఆ మాట వినగానే మందు సీసా మీద, పాల ప్యాకెట్ మీద గడువు తేదీ గుర్తొస్తుంది. ‘పాస్డ్ అవే’ ఎక్కడైనా చెల్లుతుంది. తండ్రిని పోగొట్టుకున్నవారికి ‘ఆర్ఐపీ’ అని మూడక్షరాలు వాట్సాప్‌లో పడేయకుండా ‘ఐయామ్ సో సారీ టు హియర్ అబౌట్ యువర్ ఫాదర్’ అని రాయాలి. ఇక్కడ ‘సారీ’ అంటే తప్పు ఒప్పుకోవడం కాదు, బాధ పంచుకోవడం. అందుకని దానికి ‘ఇట్స్ ఓకే’ అనరు, ‘థాంక్యూ’ అంటారు.

ఇక చుట్టరికాలు. బావ, బావమరిది, మరిది అందరినీ ఇంగ్లిష్ ఒక్క ‘బ్రదర్-ఇన్-లా’లోకి తోసేస్తుంది. ఆ ఇరుకు చాలకే దక్షిణాదిలో తోడల్లుడికి ‘కో-బ్రదర్’, తోడికోడలికి ‘కో-సిస్టర్’ పుట్టాయి. మా దృష్టిలో అవి చక్కటి మాటలే, ఇక్కడ నిక్షేపంగా వాడుకోవచ్చు. లండన్‌లో ఎవరికీ అర్థం కావు కాబట్టి అక్కడ ‘మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్’ అని విడమర్చాల్సిందే. ‘కజిన్ బ్రదర్’లో ‘బ్రదర్’ అక్కర్లేదు. ‘లవర్’ దగ్గర మాత్రం జాగ్రత్త. తెలుగులో అది ప్రేమించిన అబ్బాయో అమ్మాయో, అంతే. ఇంగ్లిష్‌లో ఆ మాటకు శారీరక సంబంధం ఉందనే ధ్వని ఉంటుంది. నలుగురిలో పరిచయం చేసేటప్పుడు ‘బాయ్‌ఫ్రెండ్’, ‘గర్ల్‌ఫ్రెండ్’, నిశ్చితార్థం అయితే ‘ఫియాన్సే’ అనాలి.

చిన్నవి మరికొన్ని. ‘గుడ్ నైట్’ వీడ్కోలుకే. రాత్రి తొమ్మిదింటికి కలిసినా పలకరింపు ‘గుడ్ ఈవినింగే’. ‘వెళ్లొస్తా’ను ‘ఐ విల్ గో అండ్ కమ్’ అంటే నిజంగానే తిరిగొస్తారని కూర్చుంటారు. ‘ఐ షుడ్ గెట్ గోయింగ్’ అని లేచి, గుమ్మం దగ్గర ‘సీ యూ’ అనాలి. తుమ్మినప్పుడు ఎవరైనా ‘బ్లెస్ యూ’ అంటే, మన పెద్దలు పిల్లలను ‘చిరంజీవ’ అన్నట్టే. దానికి బదులు ‘థాంక్యూ’. దుకాణంలో బిల్లు వేసే అమ్మాయి ‘హౌ ఆర్ యూ?’ అంటే మోకాళ్ల నొప్పులు చెప్పుకోనక్కర్లేదు, ‘గుడ్, థాంక్స్. హౌ ఆర్ యూ?’ అని తిరిగి అడిగితే చాలు.

అందుకే మా సూచన: రోజుకు ఇరవై మాటలు వద్దు, నాలుగు వాక్యాలు చాలు. ఒక్కోదాని కింద అది ఎవరితో అనవచ్చో, దానికి బదులేమిటో, ఎక్కడ అనకూడదో వేయండి. వారానికోసారి ఒకే కోరికను స్నేహితుణ్ని, పై అధికారిని, ముక్కూ మొహం తెలియనివారిని ఎలా అడుగుతారో రాయమని అభ్యాసం ఇవ్వండి. తెలుగు లిపిలో ఉచ్చారణ ఇస్తున్నారు, బాగుంది. కానీ గొంతు ఎత్తడం, దించడం అందులో కనబడదు. ‘సారీ’ని దించి పలికితే క్షమాపణ, చివర ఎత్తితే ‘ఏమన్నారు, మళ్లీ చెప్పండి’ అని. మాట వినబడనప్పుడు ‘వాట్?’ అని గద్దించినట్టు అడిగేవాళ్లకు ఈ రెండోది నేర్పడం అవసరం. అలాంటి మాటల పక్కన పైకో కిందికో ఒక బాణం గుర్తు వేస్తే సగం పని అవుతుంది. క్యూఆర్ కోడ్ ఇచ్చి ఆ నాలుగు వాక్యాలనూ, వాటి జవాబులనూ రెండు గొంతులతో చదివించి పెట్టగలిగితే మిగతా సగమూ అవుతుంది.

— కొందరు ఆంగ్ల ఉపాధ్యాయులు, తెనాలి