ఆకుకూరల పెద్దాయనకి కృతజ్ఞతలు

కుడి భుజం కట్టులో ఉంది. ఎడమ చేత్తో ఒక్కో అక్షరమే నొక్కుతూ రాస్తున్నాను. ఫోన్లు చేస్తున్న అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. ప్రాణానికేమీ భయం లేదు, కాలర్ బోన్ విరిగింది.

ఉదయం డ్యూటీకి తాడేపల్లి నుంచి బెజవాడకి ఎప్పట్లాగే సైకిలు మీద వెళ్తున్నాను. ప్రకాశం బ్యారేజీ ఎక్కినప్పటి నుంచీ వెనక కారు హారన్ ఆపలేదు. నేను ఎడమ అంచునే తొక్కుతున్నాను, ఇంకా జరగడానికి చోటు లేదు. ఎదురుగా బండ్లు వస్తుండటంతో అతనికి దాటడం కుదరలేదు. ఆ కోపమంతా నా మీద పెట్టుకున్నాడు. సందు దొరకగానే ముందుకొచ్చి, కావాలనే ఎడమకి కోసి బ్రేకు వేశాడు. నేను పడ్డాను. దిగి వచ్చాడు కదా, లేపుతాడనుకున్నాను. 'రోడ్డు నీ అబ్బ సొమ్మా' అని నా మీద నిలబడి అరిచి, కారెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు వచ్చాడు ఆ పెద్దాయన. పెనుమాక వైపు నుంచి ఆకుకూరలు తెచ్చి, బెజవాడ వీధుల్లో తిరిగి అమ్ముకునే మనిషి. సైకిలు వెనక తడిపిన గోనెపట్టా కింద గోంగూర, తోటకూర కట్టలు. ఆయన దగ్గర మూతకి చిల్లులు పెట్టిన నీళ్ళ సీసా ఉంది, కూరల మీద చిలకరించుకోవడానికి. ఆ నీళ్ళతోనే నా అరచేతిలో దిగబడిన ఇసుక, కంకర కొంచెం కొంచెంగా కడిగాడు. మెడలో తువ్వాలు తీసి చేతికి ఉట్టిలా కట్టాడు. నేను వణుకుతుంటే, 'మమ్మల్నైతే రోజూ తిడతారు తల్లీ. మేం దిగి పక్కన నిలబడి పోనిస్తాం' అన్నాడు. ఆ మాట మామూలుగానే అన్నాడు. నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఆటో ఆపి నన్నెక్కించి, తన సైకిలునీ ఆ పూట బేరాన్నీ రోడ్డు పక్కనే వదిలేసి నాతో కూర్చున్నాడు. ఆస్పత్రిలో మొదటి ప్రశ్న, 'ఈవిడకి మీరేమవుతారు? పోలీసు కేసవుతుంది, మీ పేరు, ఫోన్ నంబరు చెప్పండి'. కేసనగానే ఆయన మొహం మారిపోవడం చూశాను. వెళ్ళిపోతాడనుకున్నాను. ఒక్క క్షణం ఆగి, 'మా అమ్మాయే. ముందు చూడండి బాబూ' అన్నాడు. అప్పటిదాకా నొప్పికి కూడా ఏడవని దాన్ని, అక్కడ భోరుమని ఏడ్చాను.

మా ఆయన వచ్చేదాకా ఉన్నాడు. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. పేరడిగితే 'ఎందుకులేమ్మా, మళ్ళీ స్టేషన్లంటారు' అన్నాడు. మర్నాడు పొద్దున్నే వార్డుకి మళ్ళీ వచ్చాడు! సంచిలోంచి గోంగూర తియ్యబోయి, దెబ్బ తగిలినప్పుడు పులుపు పడదని వెనక్కి పెట్టేసి, తోటకూర కట్ట ఇచ్చి వెళ్ళాడు.

బాబాయ్ గారూ, మీరు భయపడాల్సిన పని లేదండీ. గాయపడ్డవాళ్ళని ఆస్పత్రికి తెచ్చినవాళ్ళని పేరు, నంబరు చెప్పమని ఎవరూ బలవంతం చెయ్యకూడదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ మీలాంటివాళ్ళ రక్షణ కోసమే. ఆ హక్కులు తెలుగులో కూడా రాసి ఆస్పత్రి గుమ్మంలో పెట్టాలి. మేం వెళ్ళిన చోట అలాంటి బోర్డు నాకెక్కడా కనపడలేదు. అసలు దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడాల్సింది బండి నడిపినవాడే, 134వ సెక్షన్ చెప్పేది అదే. అతను చెయ్యాల్సిన పని మీరు చేశారు.

ఇక కేసు సంగతి. మా ఆయన వెళ్ళిన మొదటి స్టేషన్లో అది తమ పరిధి కాదు, అవతలి జిల్లాది అన్నారు. అవతలికి వెళ్తే మళ్ళీ ఇవతలికే పొమ్మన్నారు. వంతెనకి ఒక వైపు ఎన్టీఆర్ జిల్లా, ఇంకో వైపు గుంటూరు జిల్లా అయితే విరిగిన ఎముక మారుతుందా? పరిధితో పని లేకుండా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమలవుతున్న, పోలీసులు కేసులు ఎలా నడపాలో చెప్పే బీఎన్ఎస్ఎస్ చట్టంలో రాసే ఉంది, జీరో ఎఫ్ఐఆర్ అని. ఆ మాట అడిగితే రేపు రమ్మన్నారు. ఇంకా ఎఫ్ఐఆర్ నంబరు చేతికి రాలేదు. నేను వదిలిపెట్టను. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు మీద తెల్లారుజామున చూడండి, సైకిలు తొక్కేది ఎవరో. పాలవాళ్ళు, పేపరు కుర్రాళ్ళు, తాపీ పనివాళ్ళు, డ్యూటీ దిగిన వాచ్‌మెన్లు. అంచున తొక్కుదామంటే అక్కడ కార్లు పార్క్ చేసి ఉంటాయి, మధ్యకి వస్తే తిట్లు. వీళ్ళెవరూ స్టేషన్ దాకా రారు.

మా ఆయన, అత్తయ్య, అమ్మ రాత్రింబగళ్ళు చూసుకుంటున్నారు, వాళ్ళకి ఇంట్లో చెప్పుకుంటాను.

ఉండవల్లి, పెనుమాక వైపువాళ్ళు ఎవరికైనా ఆ పెద్దాయన తెలిస్తే ఇది చదివి వినిపించండి. ఆయన ఫోటో, పేరు మాత్రం దయచేసి పెట్టకండి. తువ్వాలు ఉతికించి ఉంచానని చెప్పండి.

అయ్యో, కారు నంబరు రాసుకుని మా ఆయనకి పంపిన కాలేజీ కుర్రాళ్ళిద్దరికీ థాంక్స్, మీరు లేకపోతే ఫిర్యాదులో రాయడానికే ఏమీ ఉండేది కాదు. కిరాయి తీసుకోని ఆటో అన్నకి కూడా. ఎక్స్‌రే గదిలో జడ విప్పి మళ్ళీ అల్లిన ఆయమ్మకి. నా సైకిలూ, పెద్దాయన సైకిలూ రెండూ తన బడ్డీ పక్కన పెట్టి కాపలా కాసిన టీ కొట్టాయనకి, నా సైకిలు ఇంకో వారం అక్కడే ఉంచండి అన్నా, మావాళ్ళొచ్చి తీసుకెళ్తారు.