పెద్ద గేటు తాళంచెవి

చిరంజీవి లావణ్యకు నాన్న ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆటగాళ్ల ప్రథమచికిత్స శిక్షణలో పది రోజులుగా ఒకే పాఠం చేయిస్తున్నారని, పడిపోయిన ఆటగాడి దగ్గరకు పరుగెత్తడం, ముందు చూడడం, తరువాతే తాకడం తప్ప మరో పని లేదని విసుక్కుంటూ, "మీ రోజుల్లో ఏం చేసేవారు నాన్నా?" అన్నావు. ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవాడిని కనుక దాచకుండా చెబుతున్నాను, మేము చేసినదానిలో సగం చేయకూడనిదే.

మా దగ్గర ఒక బకెట్టు నీళ్లు, దూది, టింక్చరు సీసా, ఒక నొప్పి మందు డబ్బా ఉండేవి. చీలమండ బెణికితే ఆ మందు పెట్టి గట్టిగా రుద్దేవాళ్లం. లోపల అప్పుడే చిట్లిన చోట రుద్దితే వాపు పెరుగుతుందని మాకు తెలియదు. భుజం జారితే చెయ్యి పట్టి లాగడానికి ఊళ్లో ఎవరో ఒకరు సిద్ధంగా ఉండేవారు. కుర్రవాడు కుప్పకూలి కాళ్లూ చేతులూ కొట్టుకుంటే మూర్ఛ అనుకుని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టేవాళ్లం. గుండె ఆగినప్పుడు కూడా మొదట ఒళ్లు కొంచెంసేపు అలాగే కొట్టుకోవచ్చునని, అప్పుడు వచ్చే ఎగశ్వాసను ఊపిరిగా లెక్కపెట్టకూడదని నీ పుస్తకంలో చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిలిస్తే పలకకుండా, ఊపిరి సరిగా ఆడకుండా ఉన్నవాడికి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా దిగేటట్టు నొక్కాలి. ఆ లోపల మరొకరు షాక్ ఇచ్చే యంత్రం తేవాలి. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో ఫిన్లాండ్‌తో ఆడుతూ, ఎవరూ ఢీకొట్టకుండానే డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ పడిపోయినప్పుడు అక్కడి వైద్యులు చేసినది నువ్వు విసుక్కుంటున్న ఈ పాఠమే. అతను బతికాడు, మరుసటి ఏడు మళ్లీ ఆడాడు.

నేను నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. ఒక ఏడాది జోనల్ కబడ్డీ పోటీల ఫైనల్లో మా రైడరు కుర్రవాడి కణతకు ఎదుటివాడి మోకాలు తగిలింది. మొహాన నీళ్లు చల్లాను, లేచి "ఆడతాను సార్" అన్నాడు, ఆడించాను. తరువాతి రైడ్‌లో వాడు గీత దాటి వెళ్లి కూత మరిచిపోయి నిలబడ్డాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి తిరుగు బస్సులో వాడు మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. పెద్దాసుపత్రిలో రెండు రోజులు ఉంచి పంపించారు. ఇప్పుడు ఎరువుల కొట్టు నడుపుతున్నాడు, కనబడితే నమస్కారం పెడతాడు, నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాదు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో, అంటే బ్యాటర్‌కు బాగా దగ్గరగా, నిలబడిన మన క్రికెట్ ఆటగాడు రమణ్ లాంబా కూడా తలకు బంతి తగిలాక తన కాళ్ల మీద నడిచే డ్రెస్సింగ్ రూముకు వెళ్లాడు. మూడు రోజులకు మరణించాడు. లేచి నడిచాడు కదా అన్న మాటను ఆ తరువాత నేను మళ్లీ అనలేదు.

అందుకే తలకు దెబ్బ తగిలినవాణ్ణి "బాగున్నావా?" అని అడగకు, బాగున్నాననే అంటాడు. ఇది మొదటి సగమా రెండో సగమా, చివరి పాయింటు ఎవరు తెచ్చారు, పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం అని అడుగు. ఒక్కదానికి తడబడినా ఆ రోజుకు వాడి ఆట ముగిసినట్టే; అన్నీ సరిగా చెప్పినా నీకు అనుమానం మిగిలితే అప్పుడూ అంతే. జట్టు ఒక్క పాయింటు వెనకబడి, కోచ్ నీ మీద అరుస్తూ, వాడి తండ్రే వచ్చి బతిమాలుతున్నప్పుడు ఆ మాట అనడం చాలా కష్టం, నా వల్ల కాలేదు. మ్యాచ్ మొదలుకాకముందే కోచ్‌తోనూ రిఫరీతోనూ ఆ నిర్ణయం ఎవరిదో తేల్చుకో.

వడదెబ్బ సంగతి మన ఎండలకు వేరే చెప్పనక్కరలేదు గానీ, ఒంటి నిండా చెమట ఉన్నా అది వడదెబ్బ కావచ్చునని నాకు ఆలస్యంగా తెలిసింది. మాట తడబడి, కారణం లేకుండా కోపగించుకుంటున్నవాడిని ఆసుపత్రికి తరలించడానికి ముందే, తల పైకి పట్టుకుని, ఐసు వేసిన నీళ్ల తొట్టిలో మెడ వరకు కూర్చోబెట్టాలి. బోరు దగ్గరి సిమెంటు తొట్టి అందుకు సరిపోతుంది, కొలిచి చూశాను.

మేము పనిలో చేరినప్పుడు 108 లేదు. మన రాష్ట్రంలో అది 2005 ఆగస్టు 15న వచ్చింది. వచ్చే నెల మండల పోటీలకు నువ్వు వస్తానన్నావు కనుక నిన్న మైదానానికి వెళ్లాను. ఆ వాహనం పట్టేది పెద్ద గేటులోనే. దానికి ఎప్పుడూ తాళం ఉంటుంది. తాళంచెవి ఉన్న కాపలా అతను భోజనానికి ఇంటికి వెళితే మూడింటికి గానీ రాడు. హెడ్మాస్టారు గారిని అడిగి మారు తాళంచెవి చేయించాను. ఈ ఉత్తరంతో పంపుతున్నాను, నీ సంచీలో వేసుకో.

ఇట్లు,
మీ నాన్న